చెయ్యి మారిన హంస

మొన్న ఆదివారం పొద్దున్నే మా ఎదురింటివాళ్లు కొత్త కారు తెచ్చుకున్నారు. పెనుకొండలో కారు కొనడం ఇప్పుడు వింతేమీ కాదు. ఊరి బయట కార్ల ఫ్యాక్టరీయే వచ్చి కూర్చున్నాక, కొత్త కార్లను వరసగా ఎక్కించుకుని పోయే పొడుగాటి లారీలను చూసి మా వీధి కుక్కలు కూడా మొరగడం మానేశాయి. అయినా ఆ ఇంటి కోడలు ప్రత్యేకంగా వచ్చి పిలిచింది కదా అని, మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగి వెళ్లాను. భర్త లేని మనిషిని, పూజ దగ్గరికి పోకుండా కాస్త దూరంగానే నిలబడ్డాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బానెట్‌కు పూలదండ కట్టారు. గాలికి ఆ దండ పక్కకు జరిగితే కింద మెరుస్తున్న హంస బొమ్మ కనిపించింది, దాన్నే చూస్తూ ఉండిపోయాను. నేను ముచ్చటపడి చూస్తున్నాననుకుని ఆ పిల్ల నా దగ్గరకొచ్చి నవ్వుతూ ఒక మాట అంది. ఆ మాట చివర చెబుతాను. ఇప్పుడే చెబితే ఇందులో గుచ్చుకోవడానికి ఏముందని మీరే నన్ను అడుగుతారు.

ఆ హంస నాకు కొత్తది కాదు. తొంభైల మధ్యలో మా ఆయన కొన్న బాడుగ కారు మీద ఉన్నది అదే హంస. కంపెనీ అసలు పేరు ఇక్కడెందుకు గానీ, మా వైపు ఆ పేరుతో ఎవరూ పిలిచింది లేదు, అందరికీ అది హంస బండే. ఆ రోజుల్లో కారు కొనేవాడు ఇంజన్ గురించి అడగడం నేను వినలేదు. ఎవరి కంపెనీ, ఎన్నాళ్ల కంపెనీ, ఆ ఇంటివాళ్లు ఎట్లాంటివాళ్లు అని, పిల్లనిచ్చే ముందు అడిగినట్టే అడిగేవారు. హంస కంపెనీవాళ్లు తాతల కాలం నుంచి బండ్లు చేస్తున్నారనీ, చెడ్డ బండి వాళ్ల గేటు దాటదనీ ఒక నమ్మకం, మా ధర్మవరంలో దేవుడి మీద నమ్మకానికి ఒక మెట్టు కింద ఉండేది.

మాది పట్టుచీరలు నేసే ఇల్లు. మా నాయన గుంట మగ్గం మీద కూర్చుంటే చీర అంచున హంసలు బారులు తీరి నడిచేవి, అందుకనేమో అల్లుడు ఆ కారు తెచ్చి వాకిట్లో నిలబెట్టిన రోజు ఆయన బానెట్ మీది హంసను వేలితో తడిమి, ముక్కు కొంచెం పొడుగు పెట్టినారు గానీ నడక బాగుందని మెచ్చుకున్నాడు. మా ఆయనది హిందూపురం. మాటల్లో సగం కన్నడం కలిసిపోయే మనిషి, దానికి మా వాళ్లు నవ్వేవారు, ఆయన కూడా నవ్వేవాడు. పెళ్లయ్యాక మా ఊళ్లోనే కాపురం పెట్టి, ఎవరిదో జీపు తోలి తోలి విసిగి, మొండిపట్టు పట్టి సొంత బండి సంపాదించుకున్నాడు. చీరల సావుకార్లు మూటలతో బెంగళూరు పోవాలంటే ముందు ఆయన కోసమే కబురు పంపేవారు. కారు ఖాళీ లేకపోతే ప్రయాణం మరుసటి రోజుకు జరుపుకునేవారే గానీ ఇంకొక బండి ఎక్కేవారు కాదు. ఆ నాలుగేళ్లూ మా ఆయన కాళ్లు నేల మీద ఆనలేదు, నేనూ తక్కువేం తినలేదు, హంస కారు డ్రైవరు పెళ్లాన్నని కుళాయి దగ్గర పొగరు చూపేదాన్ని.

ఇక్కడ మా మగ్గాల సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే జరిగింది మీకు అర్థం కాదు. చీర సగం నేత అయ్యాక మనిషి మారకూడదు. నాడె అటూ ఇటూ విసిరి, అడ్డంగా పడిన పేక పోగును దగ్గరికి కొట్టే దెబ్బ ఒక్కో మనిషికి ఒక్కో తీరుగా ఉంటుంది, నేసేవాడికి జ్వరం వచ్చిందని తమ్ముడో కొడుకో కూర్చుంటే, ఎంత పనివాడైనా సరే, ఆ చోట చీరకు అడ్డంగా సన్నని గీత పడుతుంది. మనకు కనిపించదు, సావుకారు మాత్రం చీరను వెలుతురుకు పట్టి చూసి, చెయ్యి మారినాదని పక్కన పడేస్తాడు. మా నాయనకు జబ్బు చేస్తే మగ్గం మీద గుడ్డ కప్పేవాళ్లం గానీ మా అన్నను కూడా దాన్ని తాకనిచ్చేవాడు కాదు. చెయ్యి మారడం అన్న మాట మా ఇంట్లో అశుభం కింద లెక్క.

రెండు వేల సంవత్సరం వచ్చిన కొత్తలో హంస కంపెనీని ఎవరో బయటివాళ్లు కొనేశారని పేపర్లో వచ్చింది. పేపర్లో మూలన పడిన ఆ వార్తను స్టాండులో డ్రైవర్లు ఒకరికొకరు చదివి వినిపించుకున్నారు. మా ఆయన పెద్దగా పట్టించుకోలేదు. కంపెనీ ఎవడిదైతే నాకేం, నా బండి నా దగ్గరే ఉంది కదా అని నవ్వేసి, ఆ పూట బాడుగకు పోయాడు. సావుకార్లు మాత్రం దాన్ని నవ్వి వదిలేయలేదు. వాళ్లకు కార్ల గురించి తెలిసింది తక్కువ, తెలిసినవాళ్లను అడిగే అలవాటు ఎక్కువ. డ్రైవరును అడిగితే తన బండి గురించి మంచే చెబుతాడు కదా. అందుకని, చీర విషయంలో జన్మలో అబద్ధమాడని మా నాయనను అడిగారు, అల్లుడి బండిని ఇంకా నమ్మవచ్చా అని.

మా నాయన మగ్గం గుంటలోంచి తల పైకెత్తి చెప్పాడు. నేను వంటింటి గడపలోనే ఉన్నాను, ఆ మాట నా చెవులతో విన్నాను.

“చెయ్యి మారినాదప్పా. ఇంక నేనేం చెప్పేది.”

అంతే. ఆయనకు అల్లుడి మీద కోపం లేదు, కడుపులో ఏ కల్మషమూ లేదు, అడిగినదానికి తనకు తెలిసిన ఒకే ఒక్క కొలత పెట్టి జవాబిచ్చాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, మంచి నోరే ఒక్కొక్కసారి ఇల్లు కూలుస్తుందని ఆ సామెత కట్టినవాళ్లకు తెలియదేమో.

మాట పొద్దు గూకేలోపల మగ్గాల వీధులన్నీ తిరిగొచ్చింది. సావుకార్లు ముఖం మీద ఏమీ అనలేదు. ఈ వారం ప్రయాణం లేదన్నారు, రైల్లో పోతున్నామన్నారు, తర్వాత చూస్తే వేరే కంపెనీ కార్లలో మూటలు ఎక్కించుకుంటూ కనిపించారు. మా ఆయన రోజూ బండి తుడిచి స్టాండులో పెట్టడం, సాయంత్రానికి అట్లాగే తెచ్చుకోవడం. స్టాండులో ఎవరో సలహా ఇస్తే, ఉసూరుమంటూ బానెట్ మీది హంసను ఊడదీసి ఇంట్లో పెట్టాడు. అది ఇంకా చెడ్డదైంది. గుర్తే పీకేసినాడంటే ఏదో దాస్తాండాడని కొత్త పుకారు పుట్టింది. మళ్లీ బిగిద్దామంటే మరలు పట్టలేదు, ఆ చోట రెండు బొక్కలు మిగిలాయి, వాన పడితే వాటిలోంచి నీళ్లు కారేవి.

మా ఆయన నాతో ఒక్కటే మాట పదే పదే అనేవాడు. నా బండి చేసిన రోజు కంపెనీ పాతవాళ్లదే కదా, అప్పుడు పుట్టిన బండికి ఇప్పుడు యజమాని మారితే ఏమైతాదని. ఆయన చెప్పింది నిజం. కానీ నిజం ఒక్కటే ఉంటే బండి నడవదు, దానికి స్పేరు సామాన్లు కావాలి. హిందూపురంలో సామాన్లమ్మే షాపాయన, మా ఆయనకు చిన్ననాటి నుంచి తెలిసినవాడు, హంస బండ్లు కొనేవాళ్లు లేరు, అడిగేవాళ్లూ లేరు, తెచ్చి అలమరలో పెట్టుకొని పూజ చేయాలా అని ఆ కంపెనీ సామాను తేవడమే మానేశాడు. మొదట బండి మీద నమ్మకం పోయింది, తర్వాత దాని సామాన్లు పోయాయి, ఆ తర్వాత నిజంగానే బండి పాడవడం మొదలైంది. ఈ వరస ఊళ్లో ఎవరికీ కనబడలేదు. చివరికి బండి ఆగిపోవడం మాత్రమే అందరికీ కనబడింది.

ఆ కనబడిన రోజు నేనూ బండిలోనే ఉన్నాను. పెళ్లిళ్ల కాలం, ఊళ్లో ఒక్క కారూ ఖాళీ లేదు. బెంగళూరులో పెళ్లివారింటికి చీరలు చేర్చాల్సిన సావుకారు భార్య గతిలేక మా ఆయనను పిలిచింది. నేత సంగతి చెప్పడానికి మా నాయన వచ్చాడు, ఆమెకు తోడుగా నేను. ఈ ఒక్క ప్రయాణం సవ్యంగా సాగితే పోయిన పేరు తిరిగొస్తుందని మా ఆయన ముందురోజంతా బండి కిందనే పడుకున్నాడు. క్లచ్ ప్లేటు ఆ కంపెనీది దొరక్క, వేరే బండిదాన్ని హిందూపురంలో లేత్ మిషను మీద సైజుకు అరగదీయించి తెచ్చి వేశాడు. పెనుకొండ కోట కొండ కనబడేదాకా బాగానే వచ్చింది. ఆయన అద్దంలోంచి నా వైపు చూసి కళ్లతోనే నవ్వాడు కూడా. ఆ తర్వాత వచ్చిన చిన్న ఎత్తు దగ్గర, ఇంజన్ అరుస్తోంది గానీ బండి కదలలేదు, ఆ క్లచ్ ప్లేటు మాడిన వాసన కారంతా కమ్ముకుంది.

మిట్ట మధ్యాహ్నం రోడ్డు పక్కన తుమ్మచెట్టు కింద నిలబడ్డాం. సావుకారు భార్య చీరల మూటను బిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని, వచ్చిన లారీ క్యాబిన్ ఎక్కి వెళ్లిపోయింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. మా నాయన మాత్రం, ఎగతాళికి కాదు, బాధతోనే, నేను అప్పుడే చెప్పినాను కదప్పా అన్నాడు. మా ఆయన చేతుల మసి తుడుచుకుంటూ ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు. పెళ్లయినప్పటి నుంచి మామకు ఎదురు చెప్పని మనిషి.

“బండి చెడిపోలేదు మామా. మీ అందరికీ దానిమీద నమ్మకం చెడిపోయినాది. అందుకే దానికి సామాన్లు లేకుండా పోయినాయి.”

మా నాయనకు ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమైంది, కానీ ఇద్దరి మధ్యా నిలబడి ఎవరి చెయ్యి పట్టుకోవాలో తెలియలేదు. ఆ రోజు తర్వాత మా ఆయన మా పుట్టింటి గడప తొక్కలేదు. కారు హిందూపురంలో పాత ఇనుము కింద తూకానికి పోయింది. ఆయన బెంగళూరు చేరి, ఆఫీసుల్లో పనిచేసే పిల్లలను ఇళ్లకు చేర్చే కార్లు తోలే పనిలో కుదిరాడు. ఒకప్పుడు తన సీటు మీద ఇంకొకరిని కూర్చోనివ్వని మనిషి, ఎవడెవడి బండ్లనో రోజుకొకటి మార్చి తోలాడు. చెయ్యి మారడమంటే నిజానికి అదీ.

కొన్నేళ్లకు మా నాయనకు చూపు తగ్గి, మగ్గం మూలపడి, రోజంతా గుంట అంచున ఊరికే కూర్చునేవాడు. ఒకసారి పండక్కి పోయినప్పుడు, ఏ ధ్యాసలో ఉన్నాడో, ఆ బండి ఎప్పుడు చేసినదమ్మా అని అడిగాడు. కంపెనీని అమ్ముకోక ముందే నాయనా అన్నాను. ఆయన తన అరచేతులను ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు.

“అయితే అది పాత చేతి నేతే కదమ్మా. గీత యాడ పడతాది దానికి.”

ఆ పూట అన్నం ముట్టలేదు. నేను ఆ మాటను మా ఆయనకు ఫోన్లో చెబితే, సంతోషిస్తాడనుకున్నాను, పిచ్చిదాన్ని. ఇప్పుడెందుకు చెప్తాండావని ఒక్క ముక్క అని పెట్టేశాడు. మామా అల్లుళ్లు మళ్లీ మాట్లాడుకోకుండానే మా నాయన పోయాడు. తర్వాత ఎన్నాళ్లకో మా ఆయన కూడా బెంగళూరులో, ఎవరిదో కారు స్టీరింగు ముందు కూర్చుని ఉండగానే గుండె ఆగి పోయాడు. ఊడదీసిన హంస మాత్రం మా ఇంట్లో ఏ డబ్బాలో ఉందో, ఈ పెనుకొండకు ఇల్లు మారినప్పుడు పోయిందో, నాకిప్పుడు తెలియదు.

ఇదంతా ఎదురింటి పిల్లకు ఎట్లా తెలుస్తుంది? పూజ అయ్యాక, దండ సర్ది, హంస మీది పసుపును కొంగుతో తుడుస్తూ ఆమె అన్న మాట ఇది.

“మంచి కంపెనీ పెద్దమ్మా. ముందు ఎట్లుండెనో గానీ, చెయ్యి మారినాక దీనికి తిరుగు లేదంట.”

అవునమ్మా అన్నాను. ధర్మవరం దాకా మొదటి ప్రయాణం పోతున్నాం, నువ్వూ రా అని పిలిస్తే, మోకాళ్ల నొప్పులని చెప్పి ఇంటికి వచ్చేశాను. ధర్మవరంలో ఇప్పుడు ఎక్కడ చూసినా మరమగ్గాలే. కరెంటుతో ఆడే మగ్గానికి చెయ్యే లేదు, ఇంక మారేదేముంది, చీరను వెలుతురుకు పట్టి గీత వెదికే సావుకార్లూ లేరు. మంచిదే అనుకోవాలి కాబోలు. కానీ ఆ ఆదివారం నుంచి నాకు ఒకటే దిగులుగా ఉంది. మా నాయన అన్నదీ ఆ మాటే, ఈ పిల్ల అన్నదీ ఆ మాటే. మొదటిసారి విని జనం కారు దిగిపోయారు, ఇప్పుడు అదే విని ఎక్కుతున్నారు. మధ్యలో నలిగిపోయింది మా ఆయన ఒక్కడే.