మేడమ్ చెప్పులు విప్పిన చోట్లు

మల్కాపురంలో ఆటో దిగగానే రిఫైనరీ వాసన ముక్కుకు తగిలింది. మేడమ్ ఇల్లు దగ్గరపడిందని కాళ్లకు తెలిసిపోయింది. తీరా వెళ్తే సందు సగం లేదు, రోడ్డు వెడల్పు చేశారట. ఆ ఇల్లూ లేదు. మేడమ్ పోయాక ఒక్కసారైనా ఆ అరుగు మీద కాసేపు కూర్చుని రావాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను.

సుభద్ర మేడమ్ కాలేజీలో మాకు చరిత్ర చెప్పేవారు. లెక్చరరైనా ఇంటి భాష దాచుకునే మనిషి కాదు. ఆవిడ ప్రాణమంతా కనబడని ఒక మఠం మీదే ఉండేది. గాంగరాజుల కాలంలో గొప్ప గురువొకాయన నివసించిన మఠమది. దానికి భూమి ఇచ్చారని శాసనంలో ఉంది, అదెక్కడుందో మాత్రం లేదు. సెలవొస్తే చాలు, మమ్మల్ని బస్సెక్కించి తగరపువలస చుట్టుపక్కల ఊళ్లన్నీ తిప్పేవారు. ప్రతి ఊరివాళ్లూ మఠం మాదంటే మాదని ఒక దిబ్బ చూపించేవారు. చూపించిన ప్రతిచోటా మేడమ్ చెప్పులు విప్పి దణ్ణం పెట్టేవారు. ఒక్క మఠం ఇన్ని ఊళ్లలో ఎలా ఉంటుందని నేను వేళాకోళం చేస్తే, "ఆళ్ల నమ్మకానికి దణ్ణమెడితే మన సొమ్మేటి పోద్దిరా?" అనేవారు.

ఆవిడ రిటైరయ్యే ఏడు ఒక ఊరి పెద్ద ఏకంగా ఇంటికే వచ్చాడు. వాళ్ల దిబ్బ మీద శిలాఫలకం వేయిస్తారట, మఠాన్ని కనిపెట్టింది మేడమేనని పేరు చెక్కిస్తారట.

"ఇదే సోటని ఒక్క ముక్క రాసి సంతకం ఎట్టండమ్మా, సాలు."

పక్కనే ఉన్న నాకు సంతోషం ఆగలేదు. జీవితమంతా వెతికిన మనిషికి అంతకన్నా ఏం కావాలి? మేడమ్ పెన్ను మూత తీశారు. చాలాసేపు పట్టుకుని, మళ్లీ మూత పెట్టేశారు.

"తెలీదు బాబూ. నాకు తెలీదు."

"ఇన్నేళ్లు తిరిగారు, తెలీదంటారేటమ్మా?"

"తిరిగాను కాబట్టే అంటన్నాను."

ఆయన ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాడు. మేడమ్ టీ పెట్టి తెచ్చారు. గ్లాసు నా చేతికిస్తూ, "దొరికుంటే ఎంత బాగుండేదిరా," అని కళ్లు తుడుచుకున్నారు. మఠం దొరకకుండానే పోయారు. ఉద్యోగంలో నాకు తెలియనిదాని కింద సంతకం పెట్టమన్నప్పుడల్లా ఆ పెన్ను మూత చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇవాళ ఇస్త్రీ బండి అతను బస్‌షెల్టర్ చూపించి, "ఇక్కడేనండి మేడమ్‌గారి ఇల్లు," అన్నాడు. టీకొట్టు ఆవిడ ఒప్పుకోలేదు.

"నీకేటి తెలుసు? ఆ కరెంటు స్తంభం కాడుండీది!" అని, నా వైపు తిరిగి, "మీరొచ్చీవోరు కదా బాబూ, మీరు సెప్పండి," అంది.

ఎన్నిసార్లు తిన్నానో ఆ ఇంట్లో. అటూ ఇటూ చూశాను.

"తెలీదమ్మా," అన్నాను.

బస్‌షెల్టర్ దగ్గర చెప్పులు విప్పి దణ్ణం పెట్టాను. తర్వాత స్తంభం దగ్గరికి వెళ్లి అక్కడా విప్పాను.