ఇంటికొక బండ

నా భార్య పోయిన ఉదయం చెత్త ఆటో మా వీధిలోకి పాట లేకుండా వచ్చింది. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అని రోజూ మోగే పాట. డ్రైవరే ఆపేశాడు. పాట వినబడక ఎవరూ బుట్టలు తీసుకుని రాలేదు. ఆటో మా ఇంటి ముందు ఊరికే నిలబడి ఉండడం చూసి ఒక్కొక్కరే బయటికి వచ్చారు. వీధికి కబురు అలా తెలిసింది. ఆమె ఐదేళ్లు ఈ వార్డు కౌన్సిలర్‌గా చేసింది. ఆ పాట గొంతు తగ్గించమని ఐదేళ్లూ అడిగింది. మొత్తానికి ఒక రోజు తగ్గింది.

రిజర్వేషన్‌లో ఆ సీటు మహిళలకు వచ్చింది. మా వైపు మహిళ గెలిస్తే దండ భర్త మెడలో పడుతుంది. మొదటి సమావేశానికి నేనూ వెంట వెళ్లాను. కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషిని, నాలుగు మాటలు మాట్లాడగలనని అందరికీ నమ్మకం. నాకూ కొంచెం. గుమ్మంలోనే ఎవరో నాకు దండ వేసి, కౌన్సిలర్ సాబ్ ముందుకు రావాలన్నారు. ఆమె నా మెడలోంచి దండ తీసి తన మెడలో వేసుకుంది.

“మీరు ఇంటికి పోండ్రి,” అంది మెల్లగా. “పప్పు నానబెట్టిన. కుక్కర్ల పెట్టండ్రి.”

ఐదేళ్లు పెట్టాను. పప్పు బాగా చేస్తానని వార్డులో పేరు కూడా వచ్చింది.

సమావేశాల సంగతులు ఆమె పప్పన్నం తింటూ చెప్పేది. వాతావరణ మార్పు అనే అంశం ఎజెండాలో ఎప్పుడూ చివరిదట. అది టీ తర్వాత వచ్చేది. టీ తర్వాత మనుషులు ఉండేవారు కాదు. ఆమె వాదించలేదు. టీని ఆ అంశం తర్వాతికి జరపమంది. దానితో అందరూ కదలకుండా కూర్చుని భూగోళం గురించి ఆలోచించడం మొదలుపెట్టారు.

ఆలోచనలు చాలా వచ్చాయి. గోడల మీద చెట్ల బొమ్మలు వేయించాలని ఒకరు, ప్రతిజ్ఞ చేయించాలని ఒకరు. ఆమె మాత్రం మున్సిపల్ అధికారినీ సభ్యులనూ మిట్టమధ్యాహ్నం మా వీధికి తీసుకొచ్చింది. ఇది బండల సీమ. తాండూరు బండ పరవని వాకిలి ఉంటే ఆ ఇంటికి సంబంధాలు రావు. గోడ నుంచి గోడ దాకా పరుస్తారు, చెట్టు ఉంటే దాని మొదలు దాకా పరుస్తారు. వాన పడితే నీళ్లు ఎక్కడికి పోవాలో తెలియక ఇళ్లలోకి వస్తాయి. ఎండాకాలం బోర్లు ఎండుతాయి.

“చెప్పులు ఇడిసి జర నిలబడుండ్రి సార్,” అంది అధికారితో.

ఆయన మర్యాదస్తుడు, విడిచాడు. ఒక కాలు దించి ఇంకో కాలు ఎత్తాడు, అది దించి ఇది ఎత్తాడు. మిగిలినవాళ్లు చెప్పులు విడవకుండానే ఒప్పుకున్నారు. మా వార్డులో ఇంటికొక బండ లేపి, నీళ్లు ఇంకేలా గుంత తీసి మొక్క నాటాలన్న తీర్మానం అలా ఒంటికాలి మీద నెగ్గింది.

వీధి అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ముగ్గు ఎక్కడ వేయాలని ఆడవాళ్లు నిలదీశారు. చుట్టూ వేయండి, మధ్యలో చెట్టు బొట్టు లెక్క ఉంటుందంది. అందరికన్నా ఎక్కువ బాధపడింది మా బావమరిది. తాండూరులో అతనికి బండల పాలిష్ యూనిట్ ఉంది. ఆమె పుట్టింటి వ్యాపారం అదే.

“అక్కా, మనం పెరిగిందే బండల పైసల మీద. నువ్వే లేపమంటవా?”

“అందుకే నాకు తెల్సు తమ్మీ, అవి ఎంత కాల్తయో.”

మొదటి బండ మా ఇంటి ముందే లేచింది, సరిగ్గా నేను స్కూటర్ పెట్టే చోట. మరునాడు ముందు చక్రం గుంతలో దిగింది. ఆ తర్వాత నా స్కూటర్ పక్కింటి గోడకే ఉంటోంది. గుంతలో కానుగ మొక్క నాటింది. మేక తిన్నది. ఇంకొకటి నాటింది. అదే మేక వచ్చింది. వీధిలో అన్ని మొక్కలూ బతికాయి, కౌన్సిలర్ మొక్క తప్ప. చివరికి, మన గుంత నీళ్లే తాగనీ అని, తమ్ముడి యూనిట్‌లో పారేసిన బండ ముక్కలు తెచ్చి దాన్ని నింపింది.

ఇక మా ఇంట్లో చుక్క నీరు మోరీలో పడలేదు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు అన్నీ గుంతకే. ఇంటికి ఎవరొచ్చినా కాళ్లు అక్కడే కడుక్కోవాలి. ఎవరైనా పక్కన పోస్తే లోపలి నుంచి ఒకటే మాట: “యాడ వోస్తున్నవ్?” ఆమె చూడకుండానే ఎలా కనిపెట్టేదో నాకు తెలియదు. ఆ అధికారి కూడా బదిలీ మీద వెళ్లేముందు వచ్చి అక్కడే కడుక్కున్నాడు.

లేపిన మా బండను బావమరిది తీసుకెళ్లి దాచాడు. అక్క పదవి దిగగానే మళ్లీ అక్కడే వేస్తానని పంతం. రాఖీకి వచ్చినప్పుడల్లా అడిగేవాడు. పదవి దిగాక కూడా ఆమె రాఖీ కట్టి, లడ్డూ నోట్లో పెట్టి, వచ్చే ఏడాది చూద్దామనేది.

ఆమె పోయిన రోజు అతను బండ తెచ్చాడు. పంతానికి కాదు. వందమంది వస్తారు, కుర్చీలు వేయాలి, ముసలివాళ్లు గుంతలో కాలు పెడితే పడతారని. మేం శ్మశానానికి బయలుదేరాక పనివాళ్లు గుంత మీద బండ వేశారు. చక్కగా కుదిరింది. అతని కొలత ఎప్పుడూ తప్పదు.

తిరిగి వచ్చాం. కాళ్లు కడుక్కుని లోపలికి రావాలి. వాకిట్లో బకెట్, చెంబు సిద్ధంగా ఉన్నాయి. ముందున్న పక్కింటి పెద్దాయన చెంబు ముంచి, గుంత ఉండే వైపు తిరిగి, ఆగిపోయాడు. వెనక ఊరంతా ఆగింది.

“కడుక్కోండ్రి కాకా,” అన్నాడు బావమరిది.

“యాడ వోయాలె?”

అందరూ ఇంటి లోపలికి చూశారు, నేను కూడా. లోపలి నుంచి ఏ మాటా రాలేదు.

బావమరిది ముందుకు వచ్చి వంగాడు. రెండో వైపు నేను పట్టుకున్నాను. బండ లేపి గోడకు ఆనించాం. పెద్దాయన కడుక్కున్నాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు.

బావమరిది చివరివాడు. బకెట్ అంతా కాళ్ల మీద పోసుకున్నాడు. నీళ్లు బండ ముక్కల మధ్య గుటకలేస్తూ దిగిపోయాయి. ఇంకో బకెట్ తెమ్మన్నాడు. రెండు కాళ్లకు అన్ని నీళ్లెందుకని ఎవరూ అడగలేదు.