వాసన ఎట్లుందో చెప్పమన్న పెద్దమ్మ

పటాన్‌చెరులో నేను ఐదేళ్లు కిరాయికున్న ఇంటి ఓనరమ్మ పోయింది. మొన్న బుధవారం ఉదయం వెలిమెలలో కంపెనీ బస్సు కోసం నిలబడి ఉండగా ఆమె కూతురు ఫోన్ చేసింది. "అమ్మ లేదక్కా. పొద్దుగాల చాయ్ తాగింది, కూసున్న కాడనే ఒరిగిపోయింది" అంది. బస్సు వచ్చి ఆగింది, అందరూ ఎక్కారు, వెళ్లిపోయింది. నేను ఎక్కలేదన్న సంగతి నాకు ఆ తర్వాతగానీ తెలియలేదు.

ఆమెను నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో గాజుసామాను కడిగే పని ఇరవై ఏళ్లకు పైగా చేసి, నేను వచ్చేనాటికే మానేసి ఇంట్లో ఉండేది. నేనూ ఆ వైపే ఇంకో కంపెనీలో కెమిస్టుగా చేరి, గది వెతుక్కుంటూ ఆమె గేటు తట్టాను. ఏ ఊరు, ఎంతమంది ఉంటారు అని అడుగుతుందనుకున్నాను. ఆమె అడిగింది వేరు.

"నీ ముక్కు మంచిగ పనిజేస్తదా బిడ్డా?"

తెల్లబోయి, "చేస్తది" అన్నాను.

"అయితే సామాన్లు తెచ్చుకో."

ఆమెకు వాసన తెలియదని తర్వాత అర్థమైంది. "డాక్టరేమో వయసు అన్నడు. నేనేమో డ్యూటీల మందుల ఘాటు అనుకుంట. ఎవలకెరుక?" అని అంతటితో వదిలేసింది. పొద్దున్నే గ్యాస్ స్టవ్ వెలిగించే ముందు మెట్ల కింద నిలబడి నన్ను కేకేసేది. నేను దిగి వంటింట్లో ఒకసారి గాలి పీల్చి "ఏం లేదు పెద్దమ్మా" అంటేనే అగ్గిపుల్ల గీసేది. కూర మాడినా, పాలు విరిగినా, ఆమె ఇంటి వాసనలన్నీ నా ముక్కు మీదుగానే వెళ్లేవి.

వరండా గ్రిల్లుకు ఒక తీగ పాకించింది. చర్చిలో పాటలు నేర్పే ఒకామె ఇచ్చిన కొమ్మ అట. దళసరి ఆకులు, నూనె రాసినట్టు మెరిసేవి. నర్సరీవాళ్లు హోయా అంటారు, పెద్దమ్మ మైనం తీగ అనేది. నేను వచ్చేనాటికి మూడేళ్లుగా పెంచుతున్నా ఒక్క పువ్వూ పూయలేదు.

"మొదట్ల నేనే దాన్ని ఆగం జేసిన" అనేది. రోజూ నీళ్లు పోసిందట. ఏటా ఇంకా పెద్ద కుండీలోకి మార్చిందట. ఆకుల్లేకుండా పొడుగ్గా సాగిన తీగలను పనికిరావని కోసేసిందట. నేను వచ్చిన ఏడాది అవన్నీ మానేసింది. పొద్దుటి ఎండ తగిలే చోట పెట్టి, మట్టి ఎండితేగానీ నీళ్లు పోయకుండా, వేళ్లు కిక్కిరిసిన చిన్న కుండీలోనే ఉంచింది.

"ఇరుకుల ఉంటెనే పూస్తదట. మేం గూడ ఒక్క అర్రల నలుగురం బతికినం, ఏమైంది?" అని నవ్వేది.

మరుసటి ఎండాకాలం మొగ్గలు వచ్చాయి. గొడుగు తిరగేసినట్టున్న గుత్తికి లేత గులాబీ పూసల్లా వేలాడాయి. ఊడ్చేటప్పుడు కుండీ పక్కకు జరపబోతే ఇంట్లోంచే అరిచింది. "ముట్టకు! మొగ్గ పడ్డంక కదిలిస్తె అలుగుతది. అన్నీ రాల్చుకుంటది." పది రోజులు ఆ మూల చెత్త అట్లాగే ఉండిపోయింది.

ఒక సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి గుత్తి విచ్చుకుంది. మైనంతో అచ్చు పోసినట్టు చిన్న చిన్న నక్షత్రాలు, వాటి నడుమ ఎర్రటి చుక్క. పెద్దమ్మ కుర్చీ వేసుకుని నా కోసమే కూర్చుంది.

"సూడు. ఎట్లుంది వాసన?"

"మంచిగుంది పెద్దమ్మా."

"మంచిగుంది అంటే నాకేం తెలుస్తది? ఏం లెక్కుంది?"

మళ్లీ వంగి పీల్చాను. చాలాసేపు ఆలోచించి, "బెల్లం పాకం పడుతున్నప్పుడు వస్తది సూడు, గట్ల" అన్నాను.

ఆమె కళ్లు మూసుకుంది. "క్రిస్మస్‌కు మా అమ్మ అరిసెలకు పాకం పట్టేది. అయితే నాకెరుకైన వాసననే" అంది. పువ్వు మీద ఊరిన తేనెబొట్టును వేలితో తీసి నాలుకకు రాసుకుంది.

పూలు రాలాక మిగిలిన మోడు కాడను నేను కత్తిరించబోతే చెయ్యి పట్టుకుంది. "అది ఎండిపోలే బిడ్డా. మళ్ల పూసేది గా కాడకే." నిజమే. ఏటా అక్కడే పూసింది. ఏటా నేను వాసన చెప్పాను. ఒక్కోసారి ఒక్కో మాట దొరికేది, ఆమె దాన్ని రెండు రోజులు నెమరేసేది.

తర్వాత నేను వెలిమెలలో ఫ్లాటు కొనుక్కుని మారిపోయాను. దూరం ఎంతో కాదు. మొదటి ఏడు పూసిందని ఫోన్ చేస్తే వెళ్లాను. రెండో ఏడు, "ఆదివారం వస్త పెద్దమ్మా" అన్నాను.

"వారం పది రోజులుంటయ్ పూలు, తొందరేం లేదు" అంది.

ఆదివారం ఇంటికి ఎవరో వచ్చారు. పై ఆదివారం నాకే ఓపిక లేదు. ఆమె మళ్లీ ఫోన్ చేసి, "రేపో ఎల్లుండో రాలిపోతయేమో" అంటే, నోటికొచ్చింది అనేశాను. "గదే వాసన ఉంటది గద పెద్దమ్మా, బెల్లం పాకం లెక్క."

"ఔ. గదే ఉంటది" అంది.

ఆ రోజు నాకది తప్పనిపించలేదు. పని తేలిపోయిందనిపించింది.

ఈ ఏడు, పోయిన వారం, మీటింగ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. "పూసింది" అని ఒక్క మాట అంది. రమ్మని అడగలేదు. మళ్లీ చేస్తానని పెట్టేశాను. చేయలేదు.

ఆ బుధవారమే మధ్యాహ్నం చర్చిలో ప్రార్థన, తర్వాత సమాధి. అందరితో పాటు నేనూ పిడికెడు మన్ను వేశాను. ఇంటికి తిరిగొచ్చాక కూతురు నా పక్కన కూర్చుంది.

"పక్కింటోళ్లను అడిగేదక్కా, ఎట్లుందని. వాళ్లు మంచిగుంది అని పోయేటోళ్లు. నన్ను గూడ అడిగింది. నాకు చెప్పరాలే. అక్కకు ఫోన్ జెయ్యనా అంటే, వద్దు, పరేషాన్ల ఉంటది అన్నది."

లేచి వరండాలోకి వచ్చాను. రెండు గుత్తులు ఇంకా ఉన్నాయి. పొద్దు వాలుతుంటే వాసన మొదలైంది. దగ్గరికి వంగి, ఎన్నడూ లేనంత నెమ్మదిగా పీల్చాను. పాకం కాదు. తీపి ఉంది, కానీ దాని కింద నిమ్మ ఆకు నలిపినట్టు చల్లగా ఏదో ఉంది. ముందు ఏళ్లలోనూ ఉండేదేమో, నేనే పట్టుకోలేదేమో. ఫోన్‌లో నేను చెప్పింది పువ్వును అడగకుండా చెప్పిన మాట. ఇప్పుడు సరైన మాట దొరికింది, వినాల్సిన మనిషి లేదు.

గేటు బయట షిఫ్టు బస్సు ఆగి ఆడవాళ్లు దిగారు. హిందీలో గబగబా మాట్లాడుకుంటూ సందులోకి వచ్చారు. వాళ్లలో చివరగా నడుస్తున్న ఒకామె పెద్దమ్మ గేటు దగ్గర ఆగింది. వాసన ఎక్కడిదో తెలియక అటూ ఇటూ చూసి, ముఖం కొంచెం పైకెత్తి, కళ్లు మూసుకుని ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. ముందు వాళ్లు పిలిచారు. టిఫిన్ సంచి ఇంకో భుజానికి మార్చుకుని, ఆమె వాళ్ల వెనక పరుగెత్తింది.