తడి అచ్చులో పోసిన ఫిరంగి

ఐసెలిన్‌లో ఉండే గిరిజ ముప్పై ఏళ్ళకు పైగా ఫౌండ్రీలో పనిచేసింది. విశాఖలో మెటలర్జీ చదివి, డెబ్బైల్లో న్యూజెర్సీ వచ్చి, పంపులు తయారుచేసే కంపెనీలో పోతపోసిన భాగాలను పరీక్షించే ఉద్యోగంలో చేరింది. పగుళ్ళు పట్టుకోవడమే ఆమె పని. తొందరపెట్టే సూపర్‌వైజర్లంటే ఆమెకు ఒళ్ళుమంట. 2009లో రిటైరైంది.

రెండేళ్ళ తర్వాత, జులైలో, దగ్గరి లైబ్రరీలో ఒక ఉపన్యాసానికి వెళ్ళింది. 1453లో ఒట్టోమన్ సుల్తాన్ మెహ్మెద్ కాన్‌స్టాంటినోపుల్‌ను ముట్టడించిన కథ అది. ఓర్బన్ అనే హంగరీ పోతపనివాడు సుల్తాన్ కోసం పెద్ద కంచు ఫిరంగి పోశాడు. దాన్ని లాగడానికి అరవై ఎడ్లు కావలసి వచ్చాయట. రోజుకి ఏడుసార్లకు మించి పేల్చలేకపోయారట. కొద్దిరోజులకే అది పగిలిందని కొన్ని పాత రాతల్లో ఉంది.

"పని రానివాడికి అప్పజెబితే అంతే మరి," అని నవ్వాడు ఉపన్యాసకుడు. ఆయన రిటైరైన హిస్టరీ టీచరు.

గిరిజకు ఆ నవ్వు గుచ్చుకుంది. లేచి నిలబడింది. "అంత మందం కంచు పైన ముందు గడ్డకడుతుంది, లోపల ఆలస్యంగా. ఆ తేడాకి, ఎంత పనిమంతుడు పోసినా పగలొచ్చండీ."

"అయితే వచ్చే నెల మీరే వచ్చి చెప్పండి," అన్నాడాయన. అందులో వెక్కిరింపేమీ లేదు.

ఇంటికొచ్చి, డాక్టరైన భర్త యజ్ఞనారాయణతో చెప్పింది. "ఊరికే మాటలు చెప్పనండీ. చిన్న ఫిరంగి నమూనా పోసి, నిలువునా కోసి, లోపలేముందో చూపిస్తాను."

పాత కొలీగ్ స్టాన్‌కి పెన్సిల్వేనియాలో, ఈస్టన్ దగ్గర, కంచు గంటలు పోసే షెడ్డు ఉంది. ఇద్దరూ కలిసి మట్టి, ఇసుక, గుర్రపు లద్దె పిసికి రెండడుగుల అచ్చు చేశారు. పది రోజులు ఆరాలి. ఆ ఆగస్టులో వానలు వదల్లేదు.

ఆరో రోజున స్టాన్ అచ్చు తడిమి చూశాడు. "ఇంకా చెమ్మగానే ఉంది. ఆగుదాం."

"టాక్ శనివారం స్టాన్. ఇవాళ పోయకపోతే కోయడానికి టైముండదు. పైన బర్నర్‌తో వేడిచేశాంగా, చాలు. పోసేద్దాం."

స్టాన్ పెద్ద గరిటెతో పోస్తున్న కరిగిన కంచు సగం దిగిందో లేదో, అడుగున మిగిలిన తేమ ఆవిరై తన్నింది. కంచు పైకి చిమ్మింది. గ్లవ్ అంచు దాటి స్టాన్ ముంజేతి మీద పడింది. గిరిజ అతన్ని వెనక్కి లాగి, కుళాయి కింద చెయ్యి పెట్టించి, ఆ తర్వాత తనే డ్రైవ్ చేసి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళింది.

"తప్పు నాది," అంది దారిలో.

"నేను వద్దన్నాను. కానీ గరిటె పట్టింది నేనేగా," అన్నాడు స్టాన్ పళ్ళు బిగించి.

"ఆ టాక్ క్యాన్సిల్ చెయ్యి గిరిజా," అన్నాడు యజ్ఞనారాయణ ఆ సాయంత్రం.

"చెయ్యను. ఏం చెప్పాలో నాకు ఇప్పుడే తెలిసింది."

శనివారం పాతికమంది వచ్చారు. చేతికి కట్టుతో స్టాన్ కూడా వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. గిరిజ ఆ తడి అచ్చులోంచి తీసిన, జల్లెడలా తూట్లు పడ్డ కంచు ముద్దను బల్ల మీద పెట్టింది.

"నాకు డిగ్రీ ఉంది, అనుభవం ఉంది. అయినా ఈ శనివారం కోసం తొందరపడి తడి అచ్చులో కంచు పోయించాను. మా స్నేహితుడి చెయ్యి కాలింది. ఓర్బన్ వెనక నిలబడ్డది సుల్తాన్. వసంతానికల్లా ముట్టడి మొదలవ్వాలి. అతని ఫిరంగి ఎందుకు పగిలిందో నాకు తెలీదు. పని రానివాడని మాత్రం నేననలేను."

హిస్టరీ టీచరు ముందుకొచ్చి ఆ ముద్దను రెండు చేతులా ఎత్తి చూశాడు. "మళ్ళీ ఎప్పుడు పోస్తారు? నన్నూ పిలవండి," అన్నాడు.

స్టాన్ చెయ్యి మానడానికి ఏడు వారాలు పట్టింది, మచ్చ మిగిలింది. నవంబరులో, అచ్చును పదహారు రోజులు ఆరబెట్టి, గిరిజ, స్టాన్, హిస్టరీ టీచరు కలిసి మళ్ళీ పోశారు. ఈసారి ఫిరంగి పైకి ఏ లోపమూ లేకుండా వచ్చింది. దాన్ని కోయడానికి గిరిజకు మనసొప్పలేదు. లైబ్రరీకే ఇచ్చేసింది.