బెంబలం తీసేసిన భాష

మొన్న సిరుగుప్ప బస్టాండులో బళ్లారి బస్సు కోసం ఎదురుచూస్తుంటే, వెనక బెంచీ మీద ఇద్దరు మా బామ్మర్ది గురించి మాట్లాడుకోవడం చెవిన పడింది. "ఆయప్ప సచ్చిన బాసలో రాసిండాడంటప్పా ప్రోగ్రాము. అందుకే మిల్లులో తీసేసినారు" అన్నాడొకడు. వెనక్కి తిరిగి, కాదని చెప్పాల్సింది. బస్సొచ్చింది, ఎక్కేశాను.

వాళ్లన్న ఆ బియ్యం మిల్లులో అప్పట్లో నేనే మేనేజరుని. కోతల కాలంలో వడ్ల ట్రాక్టర్లు మా గేటు నుంచి కాలువ గట్టు దాకా బారులు తీరేవి. ఏది ముందు లోపలికి రావాలో నిర్ణయించేది నేనే. "అన్నా, నా వడ్లు తడిసిండాయి, నన్ను ఇడువన్నా" అని బతిమాలుతూ నా చుట్టూ తిరిగేవారు. విసుక్కునేవాణ్ణి గానీ, నిజానికి అది నాకు ఎంతో ఇష్టంగా ఉండేది. మా ఆవిడ తమ్ముడు కంప్యూటర్లు చదివినవాడు, తానే ప్రోగ్రాము రాసి గేటు దగ్గర ఒక కంప్యూటరు తెర పెట్టాడు. ఎవరు ఎప్పుడొచ్చారో, వడ్లలో తేమ ఎంతో చూసుకుని అదే వంతులు వేసేది. కన్నడంలోనూ తెలుగులోనూ పలకరించేది. వేరేచోట్ల 'దయచేసి వేచి ఉండండి' అని ఉండే చోట మావాడు "తాళప్పా, పిలుస్తాము" అని రాశాడు. డ్రైవర్లు దాన్ని పైకి చదివి పడీపడీ నవ్వేవారు. "మీ బామ్మర్ది మిషన్‌కు ఉండే మర్యాద నీకు లేదన్నా" అన్నాడొక డ్రైవరు. నేనూ నవ్వాను. ఆ మాట మాత్రం చాలా రోజులు గుచ్చుతూనే ఉంది.

ఆ ప్రోగ్రాము రాసిన కంప్యూటరు భాషను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, విప్పి చూసి బాగుచేసుకోవచ్చు. ఒక పెద్ద విదేశీ కంపెనీ దాన్ని పోషిస్తూ వచ్చింది. ఒకరోజు పొద్దున ఫోనులో వార్త చూశాను, ఆ కంపెనీ ఇక దానికి సపోర్టు ఆపేస్తోందని. మిల్లు సావుకారుకి చదివి వినిపించాను. "సపోర్టంటే ఏందప్పా?" అన్నాడు. "బెంబలం" అన్నాను.

వరి పండించే మా వైపు ఆ కన్నడ మాటకు ఒక్కటే అర్థం: వడ్లకు సర్కారు ఇచ్చే మద్దతు ధర. బెంబలం పోయిందంటే పంట పండీ దండగే. సావుకారు ముఖం మారిపోయింది. "బెంబలమే తీసేస్తే ఇంకేముండాది? కోతలప్పుడు నిలిచిపోతే ట్రాక్టర్లను యాడ పెట్టుకుందాం?" అన్నాడు. ఆ భాష తెలిసినవాళ్లే ఇకపై దాన్ని నడుపుకుంటారని, రాసిన ప్రోగ్రాములు ఎప్పటిలాగే పనిచేస్తాయని వార్త కిందనే ఉంది. అది నాలో నేనే చదువుకున్నాను. చదివే, ఫోను జేబులో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం బామ్మర్దిని పిలిపించారు. "కంపెనీ తప్పుకుండాది సావుకారూ, బాస యాడికీ పోలేదు" అన్నాడు వాడు. "ఈడ కర్ణాటకలో మన తెలుగుకు ఏ సర్కారు బెంబలం ఉండాది? మాట్లాడతాండాం కదా?" సావుకారు నవ్వి నా వైపు తిరిగాడు. "ఏమప్పా, నువ్వేమంటావు?" బామ్మర్ది కూడా నా వైపే చూశాడు, బావ ఉన్నాడన్న ధైర్యంతో.

"రిస్కెందుకు సావుకారూ" అన్నాను.

తెర తీసేశారు. గేటు మళ్లీ నా చేతికొచ్చింది. మాట మిల్లు నుంచి మిల్లుకు పాకి, మా చుట్టుపక్కల వాణ్ణి పిలిచేవాళ్లు లేకపోయారు. చివరికి హగరి ఊళ్లో మోటార్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. ఇప్పటికీ ఇంటికొస్తే "తిన్యావా బావా?" అనే అడుగుతాడు. మిల్లు ఊసెత్తడు. ఎత్తి తిట్టినా బాగుండేది.

ఈ కోతలకు ఎమ్మిగనూరులో ఒక మిల్లుకు వెళ్తే అక్కడ అదే ప్రోగ్రాము నడుస్తోంది. దాని మీద వచ్చిన వార్త ఎవరూ ఆ యజమానికి చదివి వినిపించలేదు. "మీ బామ్మర్దే అప్పుడప్పుడు వచ్చి చూసిపోతాడప్పా" అన్నాడాయన.

కాబట్టి రాస్తున్నాను. ఆ భాష చావలేదు, వాడి పనిలో తప్పు లేదు, వాడి పేరు చెడగొట్టింది నేను. ఆ రోజు నా మాట విన్న సావుకారు పోయాడు, దాన్ని మిల్లు మిల్లుకూ మోసిన డ్రైవర్లు తలా ఒక ఊరు చేరారు. అనడానికి నిమిషం పట్టని మాటను దిద్దుకోవడానికి ఇన్నేళ్లు ఆగితే, విన్నవాళ్లను కాలం ఒక్కచోట ఉండనివ్వలేదు.