అన్న చెప్పిన దీవుల నీళ్లు

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. సంతలో దోసకాయ కొన్నా, ముక్క కోయించి చేదు చూడందే పైసలు తీసేవాణ్ని కాదు. ఆ గుణాన్ని చాలాకాలం తెలివనుకుని మురిసిపోయాను.

మాది గద్వాలలో నేత ఇల్లు. మా చీరకు ఒడలు నూలు, అంచు పట్టు. ఆ రెంటినీ సూదితో కుట్టరు, నేతలోనే కలపాలి. అందుకని ఒక మగ్గం గుంతలో ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. ఒకడు విసిరిన నాడెలోంచి వచ్చిన పోగు రెండోవాడి పోగును చుట్టుకుని వెనక్కి రావాలి. ఒకడు బిగించి ఇంకొకడు వదిలితే అంచు ముడతలు పడుతుంది. నాకు పని నేర్పి, నా పక్కన కూర్చున్నవాడు మా అన్న. నాకు పదిహేనేళ్లప్పుడు నాన్నతో తగువుపడి ఇల్లు వదిలిపోయాడు. నాన్న పోయినప్పుడు కబురు పంపుదామన్నా ఎక్కడున్నాడో తెలియదు. ఎనిమిదేళ్ల తర్వాత, యుద్ధం మాటలు మా బజారుదాకా వచ్చిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం చేతిసంచీతో వచ్చి గడప బయట నిలబడ్డాడు.

అమ్మ ఏడ్చింది. నేను కాళ్లకు నీళ్లిచ్చాను. ఇస్తూ ఆ కాళ్లకేసే చూశాను. అండమాన్ దీవుల నుంచి వస్తున్నానని చెప్పాడు మరి. ఆ పేరు వింటే మా వాళ్లందరికీ జైలు తప్ప ఇంకేమీ గుర్తుకురాదు. మద్రాసులో ఓడెక్కి కూలికి పోయాడట. నేతవాడని తెలిశాక పడవల తెరచాపలు బాగుచేసే పని ఇచ్చారట. అతని ఎడమకాలి చీలమండ మీద తెల్లటి మచ్చ ఉంది. సంకెల మచ్చేనని నేను ఖాయం చేసుకున్నాను. అడిగితే, అక్కడ నీళ్లకింద రాయి చెట్టులాగా కొమ్మలేసి పెరుగుతుందనీ, అది కోసుకుందనీ చెప్పాడు. రాయి పెరగడమేమిటి? పైకి మాత్రం తలూపాను.

మగ్గం గుంతలో మళ్లీ నా పక్కన కూర్చున్నాడు. మొదటి మూరలోనే అంచు ముడత పడింది. అన్న చెయ్యి ఎప్పుడూ మెత్తన. ఈ చెయ్యి పోగును లాగి బిగిస్తోంది. తెరచాప గుడ్డ కుట్టి కుట్టి అలా అయిందన్నాడు. నాకు ఆ మాట కూడా ఎక్కలేదు. నాలుగు పూటల తిండి పెట్టాం, వీడు ఎవడో ఏమో అన్న పురుగు నా బుర్రలో దూరింది.

సాయంత్రాలు అమ్మ కండెలకు నూలు చుడుతుంటే దీవుల సంగతులు చెప్పేవాడు. ఒక పెద్ద దీవి చుట్టూ చిన్న చిన్న దీవులట. వాటి నడుమ సముద్రం ఒంపులు తిరిగి లోపలికి వచ్చి, అలల్లేకుండా నిలుస్తుందట. గాలివాన వస్తే పడవలన్నీ ఆ ఒంపుల్లో దాక్కుంటాయట. ఒడ్డున చెట్లు నీళ్లలోనే నిలబడి, వేళ్లమీద లేచినట్టు ఉంటాయట. మా ఇంటావిడ నోరు తెరుచుకుని వినేది. అప్పుడామెకు అయిదో నెల. నేను మాత్రం విన్నదంతా గుర్తుపెట్టుకుని, నాలుగు రోజులాగి, ఏమీ ఎరగనట్టు అదే సంగతి మళ్లీ అడిగేవాణ్ని. చివరికి దొరికాడు. ఒకరోజు ఒక ఒంపు దాటి అవతలి దీవికి ఇసుకమీద నడిచిపోయానన్నాడు. ఇంకోరోజు అదే ఒంపులో పడవ తిరగబడి, లోతు అందక చావబోయానన్నాడు. ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, అది నిజం.

ఈలోగా మాకు పట్టు ఇచ్చే సావుకారు అడ్డం తిరిగాడు. జైలు నుంచి వచ్చినవాడు ఉన్న ఇంటికి సరుకివ్వనన్నాడు. కులపెద్దలు ముగ్గురు మా అరుగుమీదికి వచ్చారు. అన్నను నాలుగు మాటలడిగి, పెద్దాయన నావైపు తిరిగాడు.

"నీ అన్న మాటమీద నీకు నమ్మకమున్నదా? నువ్వు ఉన్నదంటె చాలు, సావుకారుకు మేం చెప్తం."

అంటే అన్న ఆ ఇంట్లో ఉండడం, ఉండకపోవడం నా నోటిమాటలో ఉంది. అతను నడిచిన ఒంపు సంగతి, మునిగిన ఒంపు సంగతి నేను పక్కపక్కన పెట్టి చెప్పాను. రెంటిలో ఒకటి అబద్ధం కావాలి కదా అన్నాను.

"రెండూ నిజమే తమ్మీ," అన్నాడు అన్న. "సముద్రం దినాం రెండుసార్లు ఎనకకు పోతది. మల్ల వస్తది."

పెద్దలు నవ్వారు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ పుట్టినవాళ్లం మేము. నీళ్లు వానాకాలంలో పడమటి నుంచి వస్తాయి, తూర్పుకు పోతాయి. పోయిన నీళ్లు పొద్దున్నా సాయంత్రం మళ్లీ రావడం ఎవడు చూశాడు? ఆ నవ్వు నాకు బలమిచ్చింది.

"మా అన్న అబద్ధమాడడు," అన్నాను. "ఈయన ఎవలో నాకు తెల్వదు."

తలుపు దగ్గర అమ్మ నిలబడి ఉంది. ఆమె నోరు తెరవలేదు.

మగ్గం మీది చీరకు ఇంకా నాలుగు రోజుల పని ఉంది. అది పూర్తిచేసి పోతానని పెద్దలను అడిగి ఆగాడు. నాలుగు రోజులూ నా పక్కనే, భుజం భుజం తగిలేంత దగ్గరగా కూర్చుని నేశాడు. ఆ నాలుగు రోజుల నేతలో అంచు ఎక్కడా ముడత పడలేదు. నేను ఎంత లాగితే అంతే లాగాడు. ఐదోనాడు అమ్మకు పోయొస్తనని చెప్పి వెళ్లాడు. తర్వాత ఆ దీవులు జపాను వాళ్ల చేతుల్లో పడ్డాయని విన్నాం. అన్న అక్కడికే పోయాడో, ఇంకెటు పోయాడో తెలియదు.

యుద్ధం ముగిశాక రంగుల కోసం ఒక వర్తకుడి వెంట బందరు వెళ్లాను. సముద్రం చూడటం అదే మొదలు. పొద్దున చూస్తే రేవులో పడవలన్నీ బురదమీద పక్కకు ఒరిగి ఉన్నాయి. నీళ్లు ఎండిపోయాయా అని అక్కడ వల బాగుచేసుకుంటున్న మనిషిని అడిగాను. మధ్యాహ్నం దాకా కూర్చోండి, వస్తాయి అన్నాడు. కూర్చున్నాను. వచ్చాయి. బురద మునిగింది, పడవలు లేచి నిలబడ్డాయి. పొద్దున నేను నడిచిన చోట మనిషి మునిగేంత లోతు. అక్కడే, అందరి ముందూ ఏడ్చాను. వల మనిషి ఏమనుకున్నాడో మరి.

ఇంటికి వచ్చి, అన్నం కూడా తినకుండా, అమ్మ ముందు కూర్చుని చెప్పాను. నీళ్లు వెనక్కి పోతాయమ్మా, నా కళ్లతో చూశాను, అన్న చెప్పింది నిజమే అన్నాను.

"నీళ్ల సంగతి నాకేం తెల్వదు బిడ్డా," అంది అమ్మ. "వాడు అబద్ధమాడడని ఎరుకే."

మరి ఆ రోజు ఎందుకు నోరు తెరవలేదని అడిగాను. గొంతు కూడా పెంచాను.

"నిన్ను పదిమందిల తప్పంటె నువ్వు గూడ పోతవని భయపడ్డ," అంది. "ఇద్దరిల ఒక్కడన్న నాకు ఉండాలె గద."