పల్లపు చేలో తెల్ల ఎరువు

నేను చదువు మానేసి నాన్నగారితో సేద్యంలోకి దిగిన ఏడే కొల్లేరు పొంగి మా పల్లపు చేను మునిగింది. మళ్ళీ ఊడ్చాం. ఈసారి నారు బతికింది గానీ పసుపెక్కి, ఎదగకుండా నిలబడిపోయింది. ఇంకోసారి ఊడ్చడానికి ఊళ్ళో ఎవరి దగ్గరా నారు లేదు. ఇదీ పోతే ఏడాదంతా గింజలు కొనుక్కు తినాలి.

నాన్నగారు తాడేపల్లిగూడెంలో ఒక బస్తా అమ్మోనియం సల్ఫేట్ కొని, రైల్లో భీమడోలు చేర్చి, అక్కణ్ణుంచి బండి మీద తెచ్చారు. చూడడానికి అచ్చం ఉప్పే. చేలో నీళ్ళు పలచగా ఉంచి చల్లమనీ, ఆ తరవాత కొన్నాళ్ళు నీళ్ళు బయటికి పోనివ్వవద్దనీ దుకాణంలో చెప్పారట. దాన్ని జల్లించిన మట్టిలో కలిపి మేమిద్దరం చల్లుతుంటే, కింది చేను ఆసామి గట్టు మీదికి వచ్చి నిలబడ్డారు. నాన్నగారికి ఆయన వరసకు బావ.

"ఏవండీ బావగారూ, చేనుకి ఊరగాయ పెడుతున్నారేంటి?"

"మీకూ ఓ జాడీ పంపుతాలెండి."

"పంపడం ఎందుకండీ, వానొస్తే అదే వస్తుంది మా చేలోకి!"

ఆ మాట నాన్నగారి మనసులో పడింది. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నవారు కొల్లేరు వైపు మబ్బు చూసి లేచిపోయారు. ఇద్దరం గట్టుకు మట్టి ఎగదోశాం. ఆ రోజుల నా డైరీలో గాలి ఎటు తిరిగిందన్నదే గానీ వేరే మాట లేదు.

సాయంత్రం వాన కొట్టింది. గట్టు ఒక మూల తెగి, మా నీళ్ళు కిందికి పరుగెత్తాయి. మేము అక్కడికి చేరేలోపే కింది చేను ఆసామి పార పట్టుకుని, తన చేలోని మట్టే తవ్వి గండిలో వేస్తున్నారు.

"మీ ఉప్పు మాకొద్దు మహాప్రభో! ఉన్న నారు చచ్చిపోద్ది!"

గండి పూడింది. అయినా నాన్నగారికి నిద్ర లేదు. తెల్లవారితే గట్టు మీదే. మోకాళ్ళ మీద వంగి ఆకులు చూసేవారు, లేచి ఆకాశం చూసేవారు.

వారం దాటాక మా చేను పచ్చబడింది. గండి పడిన మూల కింది చేలో కూడా చాప పరిచినంత మేర నల్లపచ్చగా లేచింది. మిగతా చేనంతా పసుపే. ఆసామి దాని చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చారు.

"నా బుద్ధి మండిపోనూ! ఇంకాసేపు ఊరుకుంటే సరిపోయేదండీ."

నాన్నగారు గండి పూడ్చిన చోట మట్టిని కాలితో అదిమారు.

"ఆ కొట్టు ఎక్కడన్నారు, బావగారూ?"

"గూడెం స్టేషను దగ్గరే," అన్నారు నాన్నగారు, కొల్లేరు మీది మబ్బు నుంచి చూపు తిప్పకుండా.